వంకర కాలిలోనా, వంశంలోనా?

హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో మద్రాసు సైన్యం గుర్రాల కోసం ఒక డిపో పెట్టారు. అప్పటికి మద్రాసు గవర్నరు థామస్ మన్రో. మన రాయలసీమవాళ్ళు మన్రోలయ్యగా తలుచుకునే ఆయనే. 1792లో టిప్పు సుల్తాను బారామహల్ సీమను వదులుకున్నాక, మన్రో ఏడేళ్ళపాటు ఈ ప్రాంతంలోనే, ఎక్కువ కాలం ధర్మపురిలోనే ఉద్యోగం చేశాడు. శిస్తు లెక్కలు రాసుకుంటూ ఊరూరూ తిరిగింది గుర్రం మీదే. మత్తిగిరి డిపో నూరేళ్ళు సైన్యం చేతిలో ఉండి, 1924లో పశుసంవర్ధక శాఖ చేతికి వచ్చింది. ఇప్పుడక్కడ ఆవులూ గొర్రెలూ ఉన్నాయి. కథియవారీ గుర్రాలను పెంచే విభాగం కూడా ఉంది. 2004లో కృష్ణగిరి విడి జిల్లా అయ్యేవరకూ ఇదంతా ధర్మపురి జిల్లానే. హోసూరు, దేన్కనికోట, కృష్ణగిరి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే పల్లెలకు లెక్కలేదు.

సైన్యానికి గుర్రాన్ని ఎంచుకోవడం ఒక విధంగా సులువు. అరేబియా నుంచో, తర్వాత ఆస్ట్రేలియా నుంచో ఓడల్లో గుర్రాలు దిగేవి. అధికారి కాళ్ళు చూసేవాడు, నడిపించి చూసేవాడు, నచ్చనిదాన్ని పక్కకు తోసేవాడు. దాని సంగతి తర్వాత ఏమైందన్నది అతని తలనొప్పి కాదు. మన విషయం అంత సులువు కాదు. గుర్రం ఇప్పటికే మన కొట్టంలో ఉంది. అది ఆడది. దాని కాలు వంకర. దానికి పిల్ల కావాలా వద్దా?

ధర్మపురి పల్లెలో ఒక గోడిగను, అంటే ఆడగుర్రాన్ని, ఊహించుకుందాం. ఏడేళ్ళది, కథియవారీ పోలికలున్నది. అంతియూరు గురునాథస్వామి జాతరలో కొన్నది. ఆడిమాసంలో జరిగే ఆ జాతరకు తమిళనాడు నలుమూలల నుంచీ, కర్ణాటక నుంచీ గుర్రాలూ ఎద్దులూ వస్తాయి. గోడిగ చెవులు కొసలు కలిసేలా లోపలికి వంగి ముచ్చటగా ఉన్నాయి. స్వభావం నెమ్మది. పెళ్ళి ఊరేగింపులో బాణసంచా పేలినా బెదరదు. ముందునుంచి చూస్తే మాత్రం కుడి ముంగాలి గిట్ట బయటికి తిరిగి ఉంది. మోకాలి కింది ఎముక మోకాలి నడిమికి సూటిగా కాకుండా కొంచెం బయటికి జరిగి ఉంది, ఇటుక మీద ఇటుక పక్కకు జరిపి పేర్చిన గోడలా. పక్కనుంచి చూస్తే వెనుక కాళ్ళు కొడవలిలా ముందుకు వంగాయి. యజమానికి ఒక పిల్ల కావాలని ఉంది. పక్క ఊళ్ళో మంచి మగగుర్రం ఉంది. ఏం చేయాలి?

మొదట ఊరివాళ్ళు చెప్పేది సుడుల గురించి. నుదుటి మీద ఎన్ని సుడులున్నాయి, మెడ మీద ఎటు తిరిగాయి, అవి యజమానికి కలిసొస్తాయా లేదా అన్నది మన దేశంలో గుర్రాల బేరంలో చాలా పాత సంగతి. విజయనగర కాలపు కవి మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసము’ అని ఒక గ్రంథమే రాశాడు. గుర్రం రంగులు, సుడులు, శుభాశుభ లక్షణాలు అందులో పద్యాలుగా ఉన్నాయి. అంతకుముందు సంస్కృతంలో శాలిహోత్రుడి పేరుమీద ఒక సంప్రదాయం ఉంది. వీటిని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ శాస్త్రకారులు గుర్రాన్ని దగ్గరగా, ఓపికగా చూశారు. పళ్ళు చూసి వయసు చెప్పడం వంటివి ఇవాళ్టికీ పనికొస్తాయి.

సుడులతో చిక్కు వేరే చోట ఉంది. సుడి వంశపారంపర్యంగా వచ్చేదే. అది ఎటు తిరిగిందన్నదానికీ గుర్రం ఏ పక్కకు మొగ్గు చూపుతుందన్నదానికీ సంబంధం ఉండవచ్చని ఐర్లండులో కొందరు పరిశోధించారు కూడా. అయితే సుడి కాలి గురించి ఏమీ చెప్పదు. ఎంపిక చేసేవాడి చేతిలో ఉన్న అవకాశాలు మితం. పదహారు ఆడగుర్రాలున్నాయనుకోండి. మంచి సుడి ఉన్నవే కావాలంటే ఎనిమిది మిగులుతాయి. నచ్చిన రంగు కూడా ఉండాలంటే నాలుగు. చెవి కొసలు కూడా కలవాలంటే రెండు. ఇక కాళ్ళు చూసే వేళకు ఆ రెండింటిలో ఏదో ఒకదానితో సరిపెట్టుకోవాలి. చెవుల కోసం, సుడుల కోసం ఖర్చుపెట్టిన ప్రతి ఎంపికా కాళ్ళ నుంచి తీసిందే. పేరున్న జాతుల్లో సైతం కొడవలి కాళ్ళు, దగ్గరకు వంగిన వెనుక మడమలు ఇంకా కనిపించడానికి ఇదొక కారణమని నా అనుమానం.

సరే, మన గోడిగ కాలి దగ్గరికి వద్దాం. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముంగాళ్ళ మీదే పడుతుంది. అందుకే ముంగాలి వంకరకు వెనుక కాలి వంకరకన్నా విలువ ఎక్కువ. గిట్ట కొద్దిగా బయటికి తిరిగితే పరుగులో ఒక కాలు ఇంకో కాలికి తగిలే ప్రమాదం ఉంది. నెమ్మదిగా నడిచే గుర్రానికి అదేమంత కష్టం కాదు. మోకాలి కింది ఎముక పక్కకు జరిగితే బరువు ఒక పక్కనే ఎక్కువగా పడుతుంది. పక్కనుంచి చూసినప్పుడు మోకాలు వెనక్కి వంగి ఉంటే అది ఇంకా చెడ్డది. ముందుకు వంగి ఉంటే చూడ్డానికి బాగుండకపోయినా అంత ప్రమాదం కాదు. ఇవి గుర్రాలవాళ్ళు తరతరాలుగా చెప్పుకునే మాటలు. వీటిలో కొన్నింటిని శాస్త్రం నిలబెట్టింది, కొన్నింటిని తలకిందులు చేసింది. 2004లో అమెరికాలో కొలరాడో పరిశోధకులు పందెపు గుర్రాల కాళ్ళు కొలిచి, తర్వాత ఏ గుర్రం ఎక్కడ దెబ్బతిందో చూశారు. మోకాళ్ళు కొద్దిగా లోపలికి వంగిన గుర్రాల్లో మోకాలి ఎముకలు విరగడం తక్కువగా కనిపించింది. మోకాలి కింది ఎముక పక్కకు జరిగినవాటికి మాత్రం గిట్టకు పైనున్న కీలులో ఇబ్బందులు ఎక్కువ. అంటే బొమ్మ గీసినంత నిటారు కాలే అన్నివేళలా మేలు అనుకోవడానికి లేదు. కొద్దిపాటి వంపు ఒక్కోసారి ఒక కీలును కాపాడుతుంది.

కాలు వంకర అని తేల్చడం ఒక ఎత్తు. ఆ వంకర ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంకో ఎత్తు. ధర్మపురిలో ఈ రెండో ప్రశ్నకు తక్కిన చోట్లలో లేనంత బరువుంది. కారణం అక్కడి నీళ్ళు.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. నల్లగొండ పేరు వినగానే మనకు ఏ బాధ గుర్తొస్తుందో అదే బాధ ఇక్కడా ఉంది. కావేరి నీళ్ళను హొగెనక్కల్ నుంచి ఈ రెండు జిల్లాలకూ తెచ్చే పెద్ద పథకాన్ని జపాన్ సాయంతో చేపట్టారు. పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మనుషులకు కావేరి నీళ్ళు కొళాయిలో వచ్చినా, తోటలో కట్టేసిన పశువుకు చాలాచోట్ల బోరు నీళ్ళే దిక్కు.

ఫ్లోరోసిస్‌కూ పశువులకూ ఉన్న బంధం మన తెలుగు నేలకు కొత్తది కాదు. మన దేశంలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అంతకుముందే రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. ఆ లెక్కన మనుషులకన్నా ముందు ఈ వ్యాధి సంగతి చెప్పింది ఎద్దులే.

ఆవులకన్నా గుర్రం ఫ్లోరైడును కొంత ఎక్కువే తట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి తాగితే మాత్రం దానికీ తప్పదు. కాలి ఎముకల మీద బొడిపెలు లేస్తాయి, ఎముక మందమవుతుంది, కీళ్ళు బిగుస్తాయి, అడుగు పొట్టిదవుతుంది. ఇలాంటి గుర్రాన్ని దూరంనుంచి చూసినవాడు పుట్టుకతోనే కాళ్ళు సరిగా లేవని అనుకోవడం సహజం. తేడా తేల్చుకోవడానికి నోరు తెరిచి చూడాలి. పన్ను చిగురులో తయారయ్యే రోజుల్లో ఫ్లోరైడు ఎక్కువగా తాగి ఉంటే పళ్ళమీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు, గుంటలు పడతాయి. గుర్రానికి శాశ్వత దంతాలన్నీ రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగిందో ఆ పళ్ళు చాలావరకూ చెప్పేస్తాయి. అంతియూరులో కొన్న గుర్రం ఏ ఊళ్ళో పెరిగిందో దళారి చెప్పకపోవచ్చు.

నీళ్ళ తర్వాత మేత. మన పల్లెల్లో గుర్రానికి పెట్టేది ఉలవలు, తవుడు, పచ్చిగడ్డి. ఉలవలతో పేచీ లేదు. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. భాస్వరం కాల్షియాన్ని మించిపోతే గుర్రం శరీరం ఆ లోటును ఎముకల్లోంచి తీసుకుని భర్తీ చేసుకుంటుంది. ఎముక గుల్లబారుతుంది, ముఖం ఎముకలు ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంది, కాళ్ళు నొప్పెడతాయి. పాతకాలపు ఇంగ్లండులో పిండిమరల గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదట. చుట్టూ తవుడే కదా మరి. పాల పశువుల కోసం తమిళనాడు రైతులు వేసే హైబ్రిడ్ నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. అవి మేతలోని కాల్షియాన్ని పట్టేసి గుర్రానికి అందకుండా చేస్తాయి. ఆవుకు అంతగా హాని చేయని గడ్డి గుర్రానికి చేటు కావచ్చు. తవుడు, నేపియర్ రెండూ కలిపి పెట్టి, కాల్షియం ఇవ్వకుండా పెంచిన గుర్రప్పిల్ల కాళ్ళు వంకరపోతే తల్లిని తిట్టి లాభం లేదు.

గిట్టల సంగతి అందరికీ తెలిసిందే అయినా పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. పిల్లప్పుడు చెక్కించకపోతే గిట్ట ఒక పక్క అరిగి, పైనున్న ఎముక ఆ వాలులోనే పెరుగుతుంది. గిట్టకు పైనున్న కీలు దగ్గర ఎముక ఎదిగే పొర మొదటి మూడు నెలల్లోనే దాదాపు పని ముగిస్తుంది. మోకాలికి పైనున్నది రెండేళ్ళ దాకా పనిచేస్తుంది. ఆ గడువు దాటాక లాడాలు కొట్టే ఎంత గొప్ప పనివాడైనా ఎముకను నిటారు చేయలేడు. చేస్తానన్నవాడిని నమ్మకండి. ఇంకో సంగతి. పుట్టిన గుర్రప్పిల్లల్లో చాలావాటికి మోకాళ్ళు కొద్దిగా లోపలికి వంగే ఉంటాయి. రొమ్ము వెడల్పయ్యేకొద్దీ అవే సర్దుకుంటాయి. తల్లి గర్భంలో ఇరుకుగా పడుకుని, నాలుగు కాళ్ళూ ఒకే పక్కకు వాలి పుట్టిన పిల్లలు కూడా చాలావరకు కోలుకుంటాయి.

పందెపు గుర్రాల లోకంలో ఈ కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ పిల్లగా ఉన్నప్పుడే ఎముక ఎదిగే పొర దగ్గర స్క్రూ బిగించి కాలు సరిచేస్తారు. మూడేళ్ళకు ఆ గుర్రం కాళ్ళు చూడ్డానికి నిక్కచ్చిగా ఉంటాయి. దాన్ని తల్లిగా వాడితే పిల్లకు వెళ్ళేది స్క్రూ కాదు, పాత వంకరే. ధర్మపురి పొలంలో నిటారు జన్యువులున్న గుర్రం వంకరగా కనిపించవచ్చు. ఖరీదైన స్టడ్ ఫారంలో వంకర జన్యువులున్న గుర్రం నిటారుగా కనిపించవచ్చు.

దెబ్బతో వచ్చిన లోపానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అసాల్ట్. టెక్సస్‌లోని కింగ్ రాంచ్‌లో 1943లో పుట్టింది. పిల్లగా ఉన్నప్పుడు సర్వేయర్లు పాతిన మేకు మీద కాలేస్తే ముంగాలి గిట్ట పాడై వికారంగా తయారైంది. నడుస్తుంటే కుంటుతున్నట్టే ఉండేది. పరిగెత్తితే మాత్రం 1946లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ మూడు పందేలూ గెలిచింది. ఆ గిట్ట వంశానికి అంటేది కాదు కాబట్టి మగగుర్రంగా దానికి గిరాకీ ఉండాల్సిందే. తీరా చూస్తే అది దాదాపు గొడ్డుది అని తేలింది. ఎవరూ చూడని చోటే అసలు లోపం ఉంది. అందరి చూపూ మాత్రం గిట్ట మీదే.

మన గోడిగ పళ్ళు శుభ్రంగా ఉన్నాయనుకుందాం. ఎముకల మీద బొడిపెలు లేవు. ఎక్స్‌రే తీస్తే కీళ్ళలో అరుగుదల లేదు. అదృష్టవశాత్తూ దాని తల్లిని కూడా చూడగలిగాం, దానికీ కుడి గిట్ట అలాగే తిరిగి ఉంది. అంటే ఈ వంకరలో వంశం పాలు ఉంది. అప్పుడేం చేయాలి?

కాలి కోణాలను నిర్ణయించేది ఒక్క జన్యువు కాదు. గుర్రాల జాతుల మధ్య ఒడ్డూ పొడుగుల తేడాలో చాలా భాగాన్ని నాలుగైదు జన్యు స్థానాలే వివరిస్తాయని తేలింది. కాళ్ళ వంపు విషయంలో అంత సులువైన చిత్రం లేదు. అనేక జన్యువులు తలా కొంచెం, మేత, నీళ్ళు, నేల, గిట్టల సంరక్షణ మిగతాది. గుర్రాల మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం తరం నుంచి తరానికి వెళ్తుందో చెప్పే కొలతను హెరిటబిలిటీ అంటారు. కాళ్ళ అమరికకు ఇది చాలా అధ్యయనాల్లో 0.1 నుంచి 0.4 మధ్య వచ్చింది. మధ్యస్థంగా 0.25 అనుకుని లెక్క కడదాం. మన గోడిగ గిట్ట మందలోని సగటుకన్నా 16 డిగ్రీలు ఎక్కువగా తిరిగి ఉందనుకోండి. అందులో నాలుగోవంతు, అంటే 4 డిగ్రీలు వంశం ఖాతా. పిల్లకు తల్లినుంచి వచ్చేది సగమే కాబట్టి 2 డిగ్రీలు. తండ్రి సగటు కాళ్ళవాడైతే పిల్లల సగటు మందకన్నా 2 డిగ్రీలు మాత్రమే పక్కకు జరుగుతుంది.

ఈ లెక్క చూసి సంబరపడేవాళ్ళుంటారు. కానీ ఇది సగటు. పిల్లలు ఆ సగటు చుట్టూ విస్తారంగా చెదిరి ఉంటాయి. ఒకటి తల్లికన్నా వంకరగా పుట్టవచ్చు, ఇంకోటి తీర్చిదిద్దినట్టు పుట్టవచ్చు. పది గుర్రాలున్నవాడికి సగటు పనికొస్తుంది. ఒక్క గుర్రం, ఒక్క పిల్ల ఉన్నవాడికి ఆ చెదిరిపోవడమే ముఖ్యం. పైగా తల్లికీ అమ్మమ్మకూ ఒకే కాలు ఒకే తీరుగా తిరిగి ఉంటే, ఈ కుటుంబంలో వంశం పాలు 0.25కన్నా ఎక్కువే ఉందేమో అనుకోవడానికి ఆస్కారం ఉంది.

అందుకు విరుగుడుగా ఊళ్ళో ఒక సలహా వినిపిస్తుంది. గోడిగ గిట్ట బయటికి తిరిగింది కదా, గిట్టలు లోపలికి తిరిగిన మగగుర్రాన్ని తెస్తే రెండూ కలిసి సరిపోతాయని. కాగితం మీద సగటు సరిపోతుంది. గుర్రం కాలు కాగితం కాదు. భుజం, ముంజేయి, మోకాలు, కింది ఎముక, గిట్ట, ఒక్కో దాని వెనుక వేర్వేరు జన్యువులున్నాయి. పిల్లకు మోకాలు తల్లిదీ గిట్ట తండ్రిదీ వస్తే రెండు వంకరలూ ఒకే కాలిలో చేరతాయి. ఒకవేళ చూడ్డానికి నిటారుగా పుట్టినా, దాని జన్యువుల్లో రెండు లోపాలూ దాగి ఉండి మనవడి తరంలో విడివిడిగా బయటపడవచ్చు. లోపమున్న తల్లికి కావలసింది ఎదురు లోపమున్న తండ్రి కాదు. ఆ చోట కచ్చితంగా బాగున్న తండ్రి, వీలైతే ఆ చోట బాగున్న పిల్లలను ఇప్పటికే కన్న తండ్రి.

వంకర గుర్రాన్ని సమర్థించాలనుకునేవాళ్ళ నోట తప్పకుండా వచ్చే పేరు సియాటిల్ స్లూ. కుడి ముంగాలి గిట్ట బయటికి తిరిగిన ఆ గుర్రం 1975 వేలంలో 17,500 డాలర్లకే పోయింది. 1977లో ఒక్క పందెమూ ఓడకుండా ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. తర్వాత గొప్ప వంశానికి మూలపురుషుడయింది. కొడుకు ఏ.పీ. ఇండీ కూడా మహా ఘనుడే. ఇదంతా నిజమే. కానీ అదే తీరుగా గిట్ట తిరిగి, రెండో పందెంలోనే ఎముక విరిగి మాయమైన గుర్రాల పేర్లు ఎవరికీ తెలియవు, ఎవరూ రాసిపెట్టలేదు. పైగా సియాటిల్ స్లూను వాడుకున్నవాళ్ళ ముందు దాని గెలుపుల జాబితా ఉంది. మన గోడిగ ఏమి చేసిందో కూడా అదే కచ్చితత్వంతో చూడాలి. ఏడేళ్ళు వచ్చాయి. రోడ్డు మీద, రాళ్ళ మీద పనిచేసింది. ఒక్కసారీ కుంటలేదు. నా దృష్టిలో దీనికి చాలా విలువుంది. నిటారు కాళ్ళుండి మూడేళ్ళకే కుంటిదైన గోడిగకన్నా, వంకర కాలితో ఏడేళ్ళ వయసుదాకా కుంటకుండా పనిచేసిన గోడిగ తల్లిగా మెరుగు. లోపాన్ని కొలవాల్సింది చూపుతో కాదు, అరుగుదలతో.

కొన్ని లోపాల దగ్గర మాత్రం ఈ బేరసారాలకు తావు లేదు. ఒకటే జన్యువు వల్ల వచ్చేవి అలాంటివి. అమెరికాలో ఇంప్రెసివ్ అని 1969లో పుట్టిన క్వార్టర్ హార్స్ ఉండేది. ప్రదర్శనల్లో కండల అందానికి పేరు. వేలమంది దాని సంతతిని కోరుకున్నారు. ఆ కండలతోపాటే హెచ్‌వైపీపీ అనే జబ్బు కూడా వంశమంతా పాకింది. రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు కండరాలు వణికి, గుర్రం కూలబడిపోతుంది, చచ్చిపోతుంది కూడా. లోపమున్న జన్యువు ఒక్క కాపీ ఉన్నా చాలు, జబ్బు వస్తుంది. చివరికి రెండు కాపీలున్న గుర్రాలు 2007 నుంచి పుట్టినవైతే నమోదు చేయబోమని ఆ జాతి సంఘం తీర్మానించింది. అందం కోసం చేసిన ఎంపిక అనారోగ్యాన్ని మోసుకొచ్చిన కథ ఇది. అమెరికన్ సాడిల్‌బ్రెడ్ గుర్రాల్లో చిన్నవయసులోనే నడుము కుంగిపోయే లోపాన్ని 2010లో 20వ క్రోమోజోముకు ముడిపెట్టారు. ఈ రకం లోపాలకు రక్తపరీక్షలు ఉంటాయి, లేదా వస్తాయి. గిట్ట వంకరకు అలాంటి పరీక్ష ఇప్పట్లో రాదు. పై పన్ను కింది పన్నును దాటి ముందుకు పొడుచుకొచ్చే చిలకనోరు వంశంలో నడుస్తుందని చాలామంది పెంపకందార్లు నమ్ముతారు. మేత కొరకడానికే అడ్డుపడేంతగా ఉంటే నేనైతే ఆ గోడిగను పక్కన పెడతాను.

ఇంతసేపూ కాళ్ళ గురించి వాదించుకున్నాం. తల్లి కావాల్సిన గుర్రానికి కాళ్ళకన్నా ముందు చూడాల్సిన అమరిక ఇంకొకటి ఉంది. దాని గురించి మాట్లాడటానికి జాతరలో ఎవరూ ఇష్టపడరు. తోక ఎత్తి యోని ద్వారం ఎలా ఉందో చూడాలి. అది దాదాపు నిలువుగా, దాని పొడవులో మూడింట రెండు వంతులు కటి ఎముక అంచుకు దిగువన ఉండాలి. ముసలిదై, బక్కచిక్కి, మలద్వారం లోపలికి కుంగిపోతే యోని ద్వారం కూడా వాలిపోతుంది. గాలి లోపలికి పీలుస్తుంది, పేడ పడుతుంది, గర్భాశయం చీము పడుతుంది. అలాంటి గోడిగకు ఎంత గొప్ప మగగుర్రాన్ని తెచ్చినా చూలు నిలవదు, నిలిచినా మధ్యలో పోతుంది. 1937లో అమెరికా పశువైద్యుడు క్యాస్లిక్ దీనికి చిన్న కుట్టు శస్త్రచికిత్స చెప్పాడు. పై భాగాన్ని కుట్టి మూసేసి, ఈనే ముందు విప్పుతారు. ఇవాళ్టికీ పందెపు గుర్రాల ఫారాల్లో రోజూ చేసే పని ఇది. మన గోడిగలో ఈ లోపముంటే ముందు దానికి నాలుగు నెలలు మంచి మేత పెట్టి ఒళ్ళు చేయించాలి. చాలాసార్లు సగం సమస్య అక్కడే తీరుతుంది.

చూలు దాదాపు 11 నెలలు. గుర్రప్పిల్ల పుట్టుక బరువు తల్లి బరువులో పదోవంతు. 350 కిలోల గోడిగ 35 కిలోల పిల్లను మోస్తుంది, దానికి తోడు నీళ్ళు, మావి. పిల్ల పెరుగుదలలో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే. అప్పటికే కీలు అరిగి కుంటుతున్న గోడిగకు ఈ చివరి మూడు నెలలు నరకం. వంశం సంగతి తర్వాత, తల్లి నిలబడగలదా అన్నది ముందు. పిండ మార్పిడి అనే మార్గం ఉంది. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం బికనేరు శాఖలో 2023 మే నెలలో రాజ్-ప్రథమ అనే మార్వారీ ఆడపిల్ల అద్దె తల్లికి పుట్టింది. దెబ్బవల్ల మోయలేని మంచి గోడిగ విషయంలో ఇది వరం. వంకర వంశానిదే అయినప్పుడు ఇంత ఖర్చుపెట్టి దాన్నే మళ్ళీ పుట్టించడంలో అర్థం లేదు.

జాతి మొత్తం దృష్టితో చూస్తే గోడిగ లోపం చిన్నది. జీవితకాలంలో అది కనేది మహా అయితే పది పన్నెండు పిల్లలను. మగగుర్రం ఒక్క ఏడాదిలోనే అంతకు ఎన్నో రెట్లు పుట్టిస్తుంది. కాబట్టి మగగుర్రం విషయంలో కఠినంగా, ఆడగుర్రం విషయంలో కొంత మెతగ్గా ఉండటం తెలివైన పద్ధతే. మన దేశపు జాతులకు ఇది ఇంకా వర్తిస్తుంది. 2012లో దేశంలో గుర్రాలూ పోనీలూ కలిపి 6.25 లక్షలుంటే, 2019 పశుగణనలో 3.4 లక్షలకు పడిపోయాయి. ఇంత వేగంగా తగ్గుతున్న మందలో చిన్న లోపముందని ప్రతి గోడిగనూ తీసేస్తే, మిగిలినవన్నీ దగ్గరి చుట్టాలే అవుతాయి. అప్పుడు వంకర కాళ్ళకన్నా పెద్ద ఆపదలు వస్తాయి.

అయితే యజమాని జాతిని పెంచడం లేదు, ఒక పిల్లను పెంచుతున్నాడు. ఆ పిల్ల ఎవరికి, ఎందుకు? తమిళనాడు పల్లెల్లో గుర్రపు బండ్ల రేక్లా పందేలు జరుగుతాయి. తారురోడ్డు మీద దౌడు తీసే ఆ పనికి మోకాలి కింద ఎముక జరిగిన గుర్రం పనికిరాదు. తెలిసి తెలిసి దాన్ని పందేనికి అమ్మేవాడు ఆ జీవికి ద్రోహం చేస్తున్నట్టే. గుడి ఉత్సవానికి, పెళ్ళి ఊరేగింపుకు, పిల్లలు సవారీ నేర్చుకోవడానికి అయితే నెమ్మదైన స్వభావానికి కాలికన్నా ఎక్కువ విలువుంది. స్వభావం కూడా కొంత వంశంలో నడిచేదే. పిల్ల వంకరగా పుడితే జీవితాంతం తన దగ్గరే ఉంచుకోగలనా అన్న ప్రశ్నకు యజమాని దగ్గర జవాబుండాలి. లేదంటే అది బజారున పడుతుంది. బజారున పడిన గుర్రాలు మన ఊళ్ళలో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

మన గోడిగ విషయంలో నేనైతే ఒక్కసారికి సరే అంటాను. అమ్ముకోవడానికి కాదు, తన దగ్గర ఉంచుకోవడానికైతేనే. మోకాళ్ళూ గిట్టలూ తీరుగా ఉన్న మగగుర్రంతో, దాని పిల్లలను నాలుగింటినైనా చూశాకే. వెనుక కాళ్ళ కొడవలి వంపు గురించి అంత పట్టించుకోను, ముంగాలి మోకాలి గురించే పట్టించుకుంటాను. ముందు బోరు నీళ్ళు పరీక్షకు పంపాలి, తవుడు తగ్గించాలి. తొందర కూడా లేదు. చల్లని దేశాల్లో గోడిగలు పగలు పొడవయ్యే వసంతంలోనే ఎదకొస్తాయి. ధర్మపురి 12వ అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏడాదిలో పొడవైన పగటికీ పొట్టి పగటికీ తేడా గంటన్నర లోపే. చాలా గోడిగలు ఏడాది పొడవునా ఎదకొస్తూనే ఉంటాయి. కార్తీకంలో జత కట్టిస్తే, మరుసటి ఏడు వానలు పడి గడ్డి లేచిన ఆశ్వయుజంలో ఈనుతుంది. పాలకు పచ్చిమేత దొరుకుతుంది. పుట్టిన రోజునుంచే పిల్ల కాళ్ళ ఫొటోలు నెలనెలా ముందునుంచీ పక్కనుంచీ తీసి పెట్టుకోవాలి. మొదటి మూడు నెలల్లో పశువైద్యుడికీ గిట్టలు చెక్కేవాడికీ రెండుసార్లయినా చూపించాలి. రెండో చూలు మాట ఆ పిల్లకు రెండేళ్ళు నిండి, మోకాలి ఎముక ఎదగడం ఆగాకే ఎత్తాలి.